‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’: పిట్టతో పాటు చేతుల్నీ వెంబడిస్తూ చదివే పద్ధతి

‘ఈ నవలలో మాకింగ్‌బర్డ్ దేనికి సంకేతం?’ అని పేపర్లో వస్తే అనంతపురంలోనైనా కడపలోనైనా కర్నూల్లోనైనా జవాబు ఒకటే అచ్చులో దిగుతుంది. పిట్ట అంటే అమాయకత్వం, అత్యాచారం చేశాడని అబద్ధపు నింద పడ్డ నల్లజాతి మనిషి టామ్ రాబిన్సన్ ఒక పిట్ట, ఇల్లు కదలని పొరుగు మనిషి బూ రాడ్లీ ఇంకో పిట్ట, పిట్టను చంపడం పాపం. ఇందులో తప్పేమీ లేదు. కాకపోతే అది రెండు లైన్ల సంగతి. దాన్ని మూడు పేజీలకు సాగదీస్తే మొదటి పేజీలోనే దిద్దేవాళ్ళకు గైడు వాసన తగులుతుంది. డిగ్రీ, ఎం.ఏ. ఇంగ్లిష్ పిల్లలు, ముఖ్యంగా తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు, గైడు పక్కన పెట్టి సొంతంగా జవాబు కట్టుకునే పద్ధతి ఇది. నలుగురు కలిసి చదువుకుంటే ఇంకా మేలు.

ముందు కావలసినవి

పూర్తి నవల, పెన్సిలు, రూళ్ళ నోటుబుక్కు. సంక్షిప్త ప్రతి పనికిరాదు, ఎందుకంటే కోతపడేవి సరిగ్గా మనకు కావలసిన చిన్న చిన్న వివరాలే. నవల మొత్తం 31 అధ్యాయాలు. మొదటి భాగం 11తో అయిపోతుంది, రెండో భాగం 12 నుంచి చివరిదాకా. రోజుకు రెండు అధ్యాయాల చొప్పున పదహారు రోజులు పడుతుంది. కలిసి చర్చించుకోవడానికి నాలుగుసార్లు కూర్చోండి: 1–7, 8–11, 12–21, 22–31. పేజీల్లో మూడోది పెద్దది. కోర్టు కథంతా అందులోనే ఉంది కాబట్టి దాన్ని విడగొట్టొద్దు.

నోట్సులో పేజీ నంబరు రాసుకోకండి, అధ్యాయం నంబరు రాసుకోండి. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ప్రచురణ ఉంటుంది, పేజీలు కలవవు.

కాలం, చోటు గురించి రెండు ముక్కలు చాలు. హార్పర్ లీ నవల 1960లో వచ్చింది, 1961లో పులిట్జర్ బహుమతి అందుకుంది. కథ మాత్రం 1930ల మొదటి సగానిది, అలబామాలో మేకోంబ్ అనే కల్పిత ఊరిది. 1931లో అదే రాష్ట్రంలో స్కాట్స్‌బరో కేసు నడిచింది. తొమ్మిదిమంది నల్లజాతి కుర్రాళ్ళ మీద అత్యాచారం అబద్ధపు నింద పడితే, అందరూ తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీల తీర్పులతో రోజుల వ్యవధిలో ఎనిమిదిమందికి మరణశిక్ష పడింది. ఇది జవాబులో ఒక్క వాక్యంగా వస్తే చాలు. పేరా అయితే సంకేతాల ప్రశ్న కాస్తా చరిత్ర ప్రశ్న అయిపోతుంది.

ఇంకొకటి గుర్తుంచుకోవాలి. కథ చెప్పేది పెద్దదైన జీన్ లూయీస్, చూసింది మాత్రం ఆరేళ్ళ నుంచి తొమ్మిదికి చేరబోయే స్కౌట్, ఇద్దరూ ఒకరే. జెమ్ ఆమె అన్న, లాయరు ఆటికస్ వాళ్ళ నాన్న, కోర్టులో టామ్ తరఫున వాదించేది ఆయనే. ‘పిల్ల చెప్తోంది’ అని రాసేస్తే సగమే నిజం. అమాయకత్వం చూపుది, భాష పెద్దామెది. ఈ రెంటి మధ్య ఉన్న ఎడంలోనే నవల పని చేస్తుంది.

మార్జిన్‌లో నాలుగు గుర్తులు

చదువుతూ మార్జిన్‌లో నాలుగు అక్షరాలు వేస్తూ పోండి. పిట్ట ఎక్కడ కనబడినా, దాని మాట వచ్చినా ‘పి’. తుపాకీకి ‘తు’. ఎవరి చెయ్యి గురించైనా ప్రత్యేకంగా రాసి ఉంటే ‘చే’. మిగతా వస్తువులన్నిటికీ, అంటే చెట్టు తొర్ర, మంచుబొమ్మ, కమీలియా పూలు, జెరేనియం కుండీలు, కోకాకోలా సీసాకు ‘వ’. ఇంతకంటే ఎక్కువ గుర్తులు పెట్టుకుంటే మూడో రోజుకే మానేస్తారు.

మొదటిసారి చదివేటప్పుడు అర్థం రాయొద్దు, గుర్తు మాత్రమే. పదో అధ్యాయం దగ్గరే ‘పిట్ట = టామ్’ అని రాసేసుకుంటే ఆ తర్వాత కళ్ళు దానికి సరిపోయేవే వెతుకుతాయి, సరిపోనివి జారిపోతాయి. అసలు పదో అధ్యాయం నాటికి టామ్ మనకు కనబడనే లేదు, పేరు విన్నామంతే.

పిట్ట వరుస

పిట్ట మాట పదో అధ్యాయంలో వస్తుంది. క్రిస్మస్‌కు వచ్చిన ఎయిర్ రైఫిళ్ళు పట్టుకుని తిరిగే పిల్లలకు ఆటికస్ చెప్తాడు: బ్లూజేలను (నీలిరంగు పిట్టల్ని) ఎన్నైనా కొట్టండి, మాకింగ్‌బర్డ్‌ను చంపడం మాత్రం పాపం. ఎందుకు పాపమో చెప్పేది ఆయన కాదు, పక్కింటి మిస్ మాడీ. ఆ పిట్ట తోటలు పాడుచేయదు, గాదెల్లో గూడు కట్టదు, పాట తప్ప ఇంకేమీ చేయదంటుంది. మాట ఒకరిది, వివరణ ఇంకొకరిది. పేపర్లలో ఎక్కువగా తారుమారయ్యేది ఇదే. సినిమా చూసి రాసేవాళ్ళు మరీ దొరికిపోతారు. 1962 సినిమాలో ఆ మాటా, కారణమూ రెండూ భోజనాల బల్ల దగ్గర ఆటికస్సే చెప్తాడు. నవలలోని మంచు కురిసిన రోజు, మిస్ మాడీ ఇల్లు కాలడం సినిమాలో లేనే లేవు.

అదే అధ్యాయంలో పిచ్చికుక్క వీధిలోకి వస్తుంది. షెరీఫ్ హెక్ టేట్ తన రైఫిల్‌ను ఆటికస్ చేతికిస్తాడు, ఒక్క దెబ్బకు కుక్క పడుతుంది. ఆ దెబ్బకు ముందున్న వర్ణన దగ్గర ఆగండి. వీధి ఖాళీ, చెట్లు కదలవు, మాకింగ్‌బర్డ్‌లు పాడటం లేదు, మిస్ మాడీ ఇంటి దగ్గర వడ్రంగులు మాయమయ్యారు. ఇప్పుడు 21వ అధ్యాయం తీసి పక్కన పెట్టండి. తీర్పు కోసం కోర్టంతా కిక్కిరిసి కూర్చుంది, పైగా వేసవి రాత్రి. అయినా స్కౌట్‌కు అది చలి ఫిబ్రవరి పొద్దులా అనిపిస్తుంది. మళ్ళీ మాకింగ్‌బర్డ్‌ల మౌనం, మళ్ళీ ఆగిపోయిన వడ్రంగుల సుత్తులు, మళ్ళీ ఖాళీ వీధి. ఆ వెంటనే ఆటికస్ వీధిలోకి నడిచి తుపాకీ ఎత్తి ట్రిగ్గర్ నొక్కినట్టు, కానీ తుపాకీలో గుండు లేదని తనకు ముందే తెలిసినట్టు ఉంటుంది ఆ పిల్లకు.

ఈ రెండు చోట్లనూ ఎదురెదురుగా పెట్టి రాసిన జవాబు పది జవాబుల్లో ఒకటి కూడా ఉండదు. పిచ్చికుక్కను ఆపగలిగిన మనిషి ఊరి పిచ్చిని ఆపలేకపోయాడనే సంగతిని రచయిత్రి ఎక్కడా విడమరిచి చెప్పలేదు. అదే నిశ్శబ్దాన్ని రెండుసార్లు రాసి ఊరుకుంది. పిట్ట పాడిన చోట్లకంటే నోరు మూసుకున్న చోట్లే ఇక్కడ బరువైనవి.

మిగతా మూడు చోట్లు: 25లో పత్రిక నడిపే అండర్‌వుడ్ తన సంపాదకీయంలో టామ్ చావును వేటగాళ్ళూ పిల్లలూ పాటపిట్టల్ని ఊరికే చంపడంతో పోలుస్తాడు. 28లో, పిల్లల మీద దాడి జరిగే రాత్రి వాళ్ళు చీకట్లో బడికి వెళ్తుంటే, రాడ్లీల ఇంటి దగ్గర చెట్టు మీద ఒంటరి పిట్ట పాడుతుంది. రకరకాల పిట్టల గొంతుల్ని అనుకరిస్తూ బ్లూజే అరుపు కూడా వినిపిస్తుంది, అంటే ఎన్నైనా కొట్టుకోమని అనుమతి దొరికిన పిట్ట గొంతును. 30లో స్కౌట్ తానే ఆ పోలిక అందుకుంటుంది, దాడి చేసినవాణ్ణి చంపి పిల్లల్ని కాపాడిన బూను నలుగురి ముందుకు లాగడం మాకింగ్‌బర్డ్‌ను కొట్టినట్టే కదా అని. పదో అధ్యాయంలో విన్న మాటను ఇరవై అధ్యాయాల తర్వాత సొంతంగా వాడటం దగ్గర ఆ పిల్ల చదువు పూర్తయింది. బడిలో నేర్చినదేదీ ఇంత దూరం రాలేదు.

మాకింగ్‌బర్డ్ మన దేశపు పిట్ట కాదు. అందుకని తెలుగులో చెప్పేటప్పుడు ‘కోయిల’ అనేయకండి. కోయిల కాకి గూట్లో గుడ్లు పెట్టే పిట్ట, ‘ఎవరికీ హాని చేయదు’ అనే వాదన అక్కడే కూలిపోతుంది.

చేతుల వరుస

మా లెక్కలో అసలు సరుకు ఇక్కడుంది. పిట్ట గురించి నవలలోని మనుషులే నోరు తెరిచి చెప్తారు. చేతుల గురించి ఎవరూ చెప్పరు, మనమే ఏరుకోవాలి.

నవల మొదటి వాక్యమే జెమ్ చెయ్యి మోచేతి దగ్గర విరగడంతో మొదలవుతుంది. మానిన తర్వాత ఎడమచెయ్యి కుడిదానికంటే కాస్త పొట్టి. అక్కడ ‘చే’ వేయండి. పదిహేడు అధ్యాయాల తర్వాత కోర్టులో టామ్ లేచి నిలబడతాడు. అతని ఎడమచెయ్యి కుడిదానికంటే పన్నెండు అంగుళాలు పొట్టి, చచ్చుబడి వేలాడుతోంది. చిన్నప్పుడు పత్తి జిన్నింగ్ మిషన్లో పడి కండరాలు ఎముక నుంచి ఊడిపోయాయి. ఆదోని జిన్నింగ్ ఫ్యాక్టరీల సంగతి తెలిసినవాళ్ళకు ఆ వాక్యం ఎంత భయంకరమో వేరే చెప్పక్కర్లేదు. ఆ మిషను డాల్ఫస్ రేమండ్‌ది. రెండు అధ్యాయాల తర్వాత కాగితం సంచిలో కోకాకోలా దాచుకుని తాగుబోతుగా నటించే మంచి మనిషిగా మనకు కనబడేది అతనే. చాలామంది ఈ లంకె చూడరు.

17లో కోర్టులో ఆటికస్, టామ్ మీద నింద వేసిన మాయెల్లా తండ్రి బాబ్ యూవెల్ చేత కవరు మీద పేరు రాయిస్తాడు. రాసింది ఎడమచేత్తో. మాయెల్లా ముఖం కమిలింది కుడివైపు, గొంతు చుట్టూ వేళ్ళ గుర్తులున్నాయి. దీన్ని చదివి వదిలేయకుండా గుంపులో చేసి చూడండి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడాలి. ఒకరు ఎడమచేత్తో కొట్టబోయినట్టు అరచెయ్యి గాల్లో ఆపాలి, అది ఎదుటివాళ్ళ కుడి చెంప పక్కన ఆగుతుంది. తర్వాత అదే మనిషి ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని, ఒక్క కుడిచేత్తో ఎదుటివాళ్ళ గొంతు చుట్టూ వేళ్ళ గుర్తులు పడేలా పట్టడం ఎట్లా కుదురుతుందో ఆలోచించాలి (నిజంగా పట్టొద్దు). రెండు నిమిషాల పని. ఆ తర్వాత ‘కుడివైపా, ఎడమవైపా’ అని పరీక్షలో తడుముకునే అవసరం ఉండదు.

19వ అధ్యాయం మొదటి పేరా నెమ్మదిగా చదవాలి. టామ్ ప్రమాణం చేయాలి. కుడిచేత్తో తన ఎడమచేతిని ఎత్తి బైబిల్ మీద పెడతాడు. ప్రమాణానికి కుడిచెయ్యి ఎత్తేసరికి ఎడమది జారి గుమాస్తా బల్లకు తగులుతుంది. మళ్ళీ పెట్టబోతుంటే జడ్జి ఇక చాల్లే అంటాడు. ముద్దాయి నిర్దోషి అని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు, నోరు విప్పకముందే అయిపోయింది. జ్యూరీ ఎదురుగానే కూర్చుని చూసింది. అయినా దోషి అంది. అన్యాయం గురించి పేరా రాయాల్సి వస్తే ‘జాతి వివక్ష, సామాజిక అసమానత’ లాంటి మాటలతో కాదు, జారిపోయిన ఈ చేతితో మొదలుపెట్టండి.

వరుస ఇంకా ఉంది. 24లో టామ్ జైలు కంచె ఎక్కి పారిపోబోతే కాల్చేస్తారు, పదిహేడు గుళ్ళు. రెండు చేతులూ బాగుంటే దాటేసేవాడని కాపలావాళ్ళే అంటారు. కోర్టులో అతన్ని కాపాడాల్సిన చెయ్యే ఇక్కడ చంపింది. 28లో జెమ్ చెయ్యి విరుగుతుంది, అంటే మొదటి వాక్యం దగ్గరికి వచ్చాం. విరిచింది బాబ్ యూవెల్.

బూ రాడ్లీని మొదటి భాగంలో మనం చూడం, అతని చేతులు చేసిన పనులే చూస్తాం. చెట్టు తొర్రలో చూయింగ్ గమ్, పాత నాణేలు, సబ్బుతో చెక్కిన రెండు బొమ్మలు, గడియారం. కంచెకు చిక్కి చిరిగిన జెమ్ ప్యాంటుకు వంకర టింకర కుట్లు. ఇల్లు కాలిన రాత్రి స్కౌట్ భుజాల మీద దుప్పటి. ఆ తొర్రను అన్న నేథన్ సిమెంటుతో పూడ్చేస్తాడు, చెట్టుకు జబ్బని సాకు చెప్తాడు. ఆటికస్‌ను అడిగితే చెట్టు బాగానే ఉందంటాడు. చిన్న అన్యాయం, ఒక తాపీ సిమెంటు అంత. జెమ్ ఆ రోజు వాకిట్లో ఎందుకు ఏడ్చాడో స్కౌట్‌కు తెలియదు, చదివేవాళ్ళకు తెలుస్తుంది. పెద్దామె భాషకూ పిల్ల చూపుకూ మధ్య ఎడం అన్నది ఇదే.

మిగతా వస్తువులు

అన్నిటినీ జవాబులో దించొద్దు. రెండు చాలు, అవీ ప్రశ్నను బట్టి.

మంచుబొమ్మ (8) మంచి ఉదాహరణ, కానీ మన పిల్లలు ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. అమెరికా కాబట్టి మంచు మామూలే అనుకుంటారు. మేకోంబ్‌లో మంచు పడటమే అరుదు, 1885 తర్వాత అంత చలి రావడం అదే. చాలినంత లేదు కాబట్టే జెమ్ ముందు మట్టితో బొమ్మ చేసి పైన మంచు పూస్తాడు. లోపల నలుపు, పైన తెలుపు. ఆ రాత్రి మంటలకు కరిగి మళ్ళీ మట్టి బయటపడుతుంది. మంచు అరుదన్న సంగతి తెలియకపోతే మట్టి ఎందుకొచ్చిందో అర్థం కాదు.

జెరేనియం కుండీలు (17) కష్టమైనవి, మార్కులు తెచ్చేవీ అవే. చెత్తకుప్ప పక్కన యూవెల్‌ల గుడిసె, ఆ వాకిట్లో ఆరు పెచ్చులూడిన ఎనామిల్ పాత్రల్లో ఎర్రటి పూలు, వాటిని పెంచేది మాయెల్లా. అబద్ధపు సాక్ష్యంతో మనిషి చావుకు కారణమైన పిల్లే ఈ పూలు పెంచింది. ఆటికస్ మర్యాదగా ‘మేడమ్’ అంటే వెక్కిరిస్తున్నాడనుకుంటుంది, అట్లా పిలిచినవాళ్ళు ఆమెకు లేరు. ఆమెను నిర్దోషి అనలేం, రాక్షసి అనీ రాయలేం. ఈ ఇరుకును ఒప్పుకుని రాయండి.

మిసెస్ డ్యుబోస్ కమీలియాలు ధైర్యం ప్రశ్నకు పనికొస్తాయి, ఇక్కడ వదిలేయొచ్చు. 25లో స్కౌట్ నలపబోయిన చిన్న పురుగును జెమ్ ఆపడం మాత్రం ఒక వాక్యంగా చేర్చండి. తీర్పు విన్న తర్వాత ఆ పిల్లవాడిలో వచ్చిన మార్పు అది.

పిట్టకు ఎదురు వాదం

టామ్‌ను పిట్ట అనడంలో ఒక చిక్కుంది. పిట్టకు పాటే ఉంది, మాట లేదు. నల్లజాతి మనిషిని హాని చేయని జీవిగా మాత్రమే చూపిస్తే అతని కోపం, ఆశ, తెలివి ఎక్కడికి పోయినట్టు? ఈ విమర్శను జవాబులో పెట్టాలి. దానికి ఆధారం కూడా నవలలోనే దొరుకుతుంది. 19లో ఎదుటి పక్షం లాయరు గిల్మర్ గుచ్చి గుచ్చి అడిగితే, ఆ పిల్లను చూసి జాలేసిందని టామ్ అంటాడు. కోర్టు బిగుసుకుపోతుంది. తెల్ల అమ్మాయి మీద జాలిపడే హక్కు నల్లవాడికి ఎక్కడిది? అక్కడ అతను పిట్ట కాదు, తనకంటే పైమెట్టున ఉందనుకునే మనిషి బతుకును అంచనా కట్టిన సాటి మనిషి. ఓడిపోయింది కూడా అందుకే.

అమాయకత్వం ఎప్పుడూ చేతకానిది కాదని చెప్పడానికి 15వ అధ్యాయం వాడండి. టామ్‌ను చంపడానికి జైలు ముందు గుంపు చేరినప్పుడు స్కౌట్ అందులో కనింగ్‌హామ్‌ను గుర్తుపట్టి అతని కొడుకు గురించి, ఆస్తి చిక్కుల గురించి మాట కలుపుతుంది. గుంపు వెనక్కి మళ్ళుతుంది. తానొక హత్యను ఆపానని ఆ పిల్లకు తెలియదు.

మన ఊళ్ళ పోలిక ఎంతవరకు

కోర్టులో నల్లవాళ్ళకు పైన బాల్కనీ అనగానే మన పిల్లలకు టీ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి గుర్తొస్తుంది. సహజం. ఆ పోలికకు ఒక్క వాక్యం ఇవ్వండి, రెండో వాక్యంలో తేడా చెప్పండి: అప్పటి అలబామాలో వేరుగా కూర్చోబెట్టడం చట్టమే, ఇక్కడ 1950 నుంచి రాజ్యాంగం ఆర్టికల్ 17 అంటరానితనాన్ని నిషేధించింది, జరిగేది చట్టాన్ని కాదని. తేడా చెప్పకుండా రెంటినీ ఒకటే అంటే వాదం పలచబడుతుంది.

రాసేటప్పుడు

అరగంట దొరికితే మొదటి అయిదు నిమిషాలు చిత్తు కాగితం మీద అధ్యాయం నంబర్లు రాసుకోండి: పిట్టకు 10, 21, 25, 28, 30, చేతికి 1, 17, 18, 19, 24, 28. రచయిత్రి పరిచయం, కథాసారాంశం వద్దు. మొదటి పేరాలో ఆటికస్, మిస్ మాడీల మాటను మూడు వాక్యాల్లో ముగించండి. రెండో పేరా 10, 21ల నిశ్శబ్దం. మూడోది, అన్నిటికంటే పెద్దది, టామ్ చెయ్యి. నాలుగోది బూ చేతులు, అక్కడినుంచి 30లో హెక్ టేట్ నిర్ణయం: బాబ్ తన కత్తి మీద తానే పడ్డాడని రాసుకుంటాడు. ఇక్కడ జాగ్రత్త. చంపింది జెమ్ అనుకుని ఆటికస్ మొదట ఒప్పుకోడు. బూ సంగతి ఆయనకు ఆలస్యంగా వెలుగుతుంది. ‘ఆటికస్ వెంటనే గ్రహించాడు’ అని రాసిన పేపర్లు బోలెడు. టామ్‌ను చట్టం పద్ధతి ప్రకారం చంపింది, బూను చట్టాన్ని పక్కకు నెట్టి కాపాడారు. ఈ వాక్యం వచ్చేసరికి ఎదురు వాదానికి చోటు మిగలాలి, అయిదో పేరా దానిది.

ఇంగ్లిష్ కోటేషన్లు రెండుకు మించొద్దు. మాట మాట గుర్తులేకపోతే కొటేషన్ గుర్తులు తీసేసి మీ మాటల్లో రాసి పక్కన అధ్యాయం నంబరు వేయండి.